ఒక సెక్షన్‌కు జరిమానా, ఇంకో సెక్షన్‌కు జైలు: ఒక న్యాయ సహాయ కేసు

చిన్న కేసుల్లో జరిమానా పడగానే కోర్టు వరండాలో అందరూ చెప్పేది ఒకటే మాట: "కట్టేసి పోండి, పీడ పోతుంది." ఈ కేసులో కక్షిదారు అలా పోలేదు. చెయ్యని తప్పుకు పడిన శిక్షను ఒప్పుకోవాల్సిన ధర్మం తన మీద ఉందా అని అడిగాడు. జవాబు దొరికేదాకా ఆ ప్రశ్నను వదల్లేదు. దానికి సూటి జవాబు ఏ సెక్షన్‌లోనూ లేదు. అయితే ఆ ప్రశ్నను విప్పడానికి సెక్షన్లే పనికొచ్చాయి, అందుకే న్యాయ సహాయం చేసిన మేం ఈ కేసు రాసిపెడుతున్నాం. మనుషుల్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాం.

నేపథ్యం

విశాఖపట్నంలో ఒక కొండవాలు కాలనీ. కింది వరసలకు కుళాయి ఉంది, పై వరసలకు ట్యాంకరే గతి. వేసవిలో వరసగా కొన్ని రోజులు ట్యాంకరు రాకపోయేసరికి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో దిగి రోడ్డు మీద కూర్చున్నారు. మగవాళ్ళు కొందరు వెనకాల నిలబడ్డారు. ముప్పావు గంట వాహనాలు ఆగాయి. మన కక్షిదారు యాభై దాటిన వెల్డింగు పనివాడు. నీళ్ళ గురించి అంతకుముందు అర్జీలు పెట్టింది ఆయనే కాబట్టి పోలీసులకు ఆయన పేరు ముందే తెలుసు. పదకొండు మంది మీద కేసు పెట్టారు: భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 143 (చట్టవిరుద్ధంగా గుమిగూడటం), 341 (దారికి అడ్డం రావడం), 188 (అధికారి ఉత్తర్వు ధిక్కరించడం). మూడూ బెయిలబుల్ కావడంతో స్టేషన్ బెయిల్ మీదే అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

ఆ ముప్పావు గంటలో కాన్పు నొప్పులతో ఉన్న ఒకామెను తీసుకుని ఒక ఆటో వచ్చింది. బిందెలు పక్కకు జరిపి, అక్కడున్నవాళ్ళను లేపి, ఆటోను దాటించింది మన కక్షిదారే. ఇది సగం కాలనీ చూసింది. 341 కింద ఆయన మీద ఉన్న ఆరోపణ మాత్రం దారి ఆపాడని.

ఈ కేసంతా పాత చట్టాల కింద నడిచింది. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వర్తిస్తుంది: 143 స్థానంలో 189(2), 341 స్థానంలో 126(2), 188 స్థానంలో 223. పాత 341 కింద జరిమానా 500 రూపాయలు దాటేది కాదు, ఇప్పుడు 5,000 దాకా వెయ్యొచ్చు. రోజుకూలి మీద బతికేవాళ్ళ దగ్గర ఈ ప్రశ్న ఇక ముందు ఇంకా గట్టిగానే వినబడుతుంది.

మా దగ్గరికి వచ్చేసరికి

పదకొండు మందిలో పది మంది నేరం ఒప్పుకుని తలా 700 కట్టి బయటపడ్డారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. వాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళకు గల్ఫ్ పని కుదిరింది. పెండింగు క్రిమినల్ కేసు ఉంటే పాస్‌పోర్టు ఆగిపోవచ్చు. జరిమానాతో ముగిసిన ఇలాంటి చిన్న కేసైతే ఆగాల్సిన పని లేదు, ఎందుకంటే పాస్‌పోర్టు నిరాకరించడానికి చట్టం చెప్పే శిక్ష కనీసం రెండేళ్ళది. కేసులో పోరాడితే పాస్‌పోర్టు పోతుంది, తప్పు ఒప్పుకుంటే వస్తుంది! నేరాంగీకారం సంతకాల్లో ఎన్ని ఇలాంటి లెక్కలోంచి వస్తాయో, ఈ పనిలో ఉన్నవాళ్ళం బయటికి చెప్పుకోవాల్సిన సంగతి.

మన కక్షిదారు ఒప్పుకోలేదు. ఆయన కేసును విడదీసి విచారించారు. మూడు సెక్షన్ల కిందా శిక్ష పడింది. 143కు 1,000 రూపాయలు, కట్టకపోతే 15 రోజులు. 341కి 500, కట్టకపోతే 7 రోజులు. 188కి 200, కట్టకపోతే 5 రోజులు. అందరూ 1,700 అనే అంకె దగ్గరే ఆగిపోయారు. జరిమానా బదులు పడే జైలు ఒకదానిలో ఒకటి కలిసిపోదు, ఒకటి అయ్యాక ఇంకొకటి మొదలవుతుంది. కాబట్టి ఆయన ముందున్న అసలు లెక్క 27 రోజులు. రోజుకూలి 900 చొప్పున వేసుకుంటే 24,300 రూపాయలు.

తీర్పు రోజు సాయంత్రం ఆయన మా దగ్గర అన్నది ఇది: "దారి ఆపినానని రాసినారు బాబూ. దారి ఇప్పించినోడ్ని నాను. డబ్బులు నేక కాదు, కట్టను. పారాదీప్‌ల బోటు రిపేర్లకి పిలస్తన్నారు, ఎలిపోతాను. దొరికితే అప్పుడు సూద్దారి."

మొదటి నిర్ణయం: ముందు గడువు, తర్వాత ధర్మం

ప్రశ్న ఎంత పెద్దదైనా ఆ పూట జైలుకు పోకుండా చూడటం మొదటి పని. జరిమానా మాత్రమే పడి, వెంటనే కట్టలేకపోతే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 424 (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 464) కింద కోర్టు 30 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు, రెండు మూడు వాయిదాల్లో కట్టమనీ చెప్పొచ్చు. బదులుగా బాండు రాయించుకుంటుంది, కావాలంటే జామీను అడుగుతుంది. చాలామంది ఇక్కడ 389(3) కింద పిటిషన్ వేస్తారు. ఆ సబ్‌సెక్షన్ జైలుశిక్ష పడినవాళ్ళ కోసం. జరిమానా ఒక్కటే పడినప్పుడు ముందు 424 కింద గడువు తెచ్చుకుని, అప్పీలు వేశాక పై కోర్టులో 389(1) కింద వసూలు ఆపించుకోవాలి. ఈ రెండూ కలిపేస్తే పిటిషన్ వెనక్కి వస్తుంది, ఆ మధ్యాహ్నం కాస్తా పోతుంది.

కోర్టు 5,000కు ఒక జామీను అడిగింది. పక్కింటాయన తన ఇంటిపన్ను రసీదు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కేసు నీతి మొత్తం తర్వాత ఈ రసీదు చుట్టూనే తిరిగింది.

ప్రశ్నను రెండుగా విడగొట్టడం

ఒడిశాలోని పారాదీప్‌కు వెళ్ళిపోయే ఆలోచన మానిపించడానికి ఇంట్లోవాళ్ళు గాంధీగారిని ముందుకు తెచ్చారు: ఆయనంతటివాడే శిక్ష ఒప్పుకుని జైలుకెళ్ళాడు, నువ్వెంత? ఈ వాదన పనిచెయ్యలేదు. పనిచెయ్యకపోవడానికి మంచి కారణమే ఉంది.

1917 ఏప్రిల్ 18న మోతీహారీ కోర్టులో గాంధీ తాను చంపారన్ విడిచి వెళ్ళాలన్న ఉత్తర్వును కావాలనే మీరానని ఒప్పుకున్నాడు. 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో రాజద్రోహం కేసులోనూ అంతే. రాసింది నేనే, గరిష్ఠ శిక్ష వెయ్యండి అన్నాడు, జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్ళు వేశాడు. రెండు చోట్లా చేసిన పని కాదనలేదు. పని తప్పు కాదన్నాడు. బాహాటంగా చట్టాన్ని మీరేవాడు దాని ఖరీదు కూడా బాహాటంగా భరిస్తే, తాను మీరింది ఆ ఒక్క ఉత్తర్వునేననీ, చట్టం అనే దాన్నే తోసెయ్యలేదనీ నలుగురికీ తెలుస్తుంది. ఆ తర్కం నిలబడేది చేసిన పనిని నాదేనని చెప్పుకునేవాడి విషయంలోనే. చెయ్యని పనికి శిక్ష పడినవాడు ఏ చట్టాన్నీ మీరలేదు, కాబట్టి అతను చెల్లించాల్సిన ఖరీదు ఏదీ లేదు.

మన కక్షిదారు కేసులో ఈ రెండూ ఉన్నాయి. 143 విషయంలో ఆయన మొదటి రకం. "అక్కడ నిలబడినాను, మళ్ళీ నీళ్ళు రాకపోతే మళ్ళీ నిలబడతాను" అన్నాడు. 341 విషయంలో రెండో రకం. 188 సంగతి వేరు, దానిలో చట్టపరమైన లోపం ఉంది, కింద వస్తుంది. ఒకే తీర్పులో పడిన మూడు శిక్షలకు మూడు రకాల జవాబులు ఉండొచ్చని ఆయనకు సెక్షన్ వారీగా ఒక కాగితం మీద రాసి ఇచ్చాం. తర్వాతి నెలల్లో ప్రతి నిర్ణయం ఆ కాగితం చూసుకునే జరిగింది.

సోక్రటీసు ఉదాహరణ దీనికి దగ్గరగా ఉంది. క్రీ.పూ. 399లో ఆయన మీద పడింది ఆయన ఒప్పుకోని నేరం. మరణశిక్ష పడ్డాక మిత్రుడు క్రీటో పారిపోయే ఏర్పాటు చేశానంటే వద్దన్నాడు. డెబ్బై ఏళ్ళు ఈ నగరాన్ని విడిచిపోకుండా దీని చట్టాల కింద బతికాను, అంటే ఒప్పుకున్నట్టే, నచ్చినప్పుడు ఉంచుకుని నచ్చనప్పుడు తెంచుకోలేను అన్నది ఆయన ప్రధాన వాదన. ఈ వాదన మన కొండవాలుకు నేరుగా సరిపోదు. ఎక్కడికీ పోలేక ఒక చోట ఉండిపోవడం, ఒప్పుకుని ఉండటం ఒకటి కావు. అడిగిన నీళ్ళు అందనివాడు నగరంతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని తానే మీరాడని అనడమూ కుదరదు. సోక్రటీసు లెక్కలోకి తీసుకున్న ఇంకో సంగతి మాత్రం అక్షరాలా సరిపోతుంది: తాను పారిపోతే మిత్రులు ఆస్తులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. విచారణలో ముప్పై మినాల (అప్పటి గ్రీకు డబ్బు) జరిమానాకు జామీను ఉంటామని ముందుకొచ్చినవాళ్ళలో క్రీటో కూడా ఉన్నాడు.

అన్యాయమైన శిక్ష, శిక్ష అయినంత మాత్రాన, మనిషి మీద నైతిక రుణం మోపదని మా అభిప్రాయం. కోర్టు పొరపాటు పడితే ఆ పొరపాటును గౌరవించాల్సిన బాధ్యత నిర్దోషి మీద ఉండదు. కానీ ఆ శిక్ష చుట్టూ కొందరు మనుషులు ఉంటారు. వాళ్ళకు తన నోటితో ఇచ్చిన మాటలు ఉంటాయి. ఆ మాటలు అన్యాయమైనవి కావు. పక్కింటాయన పెట్టిన రసీదు అలాంటిది. వాయిదాకు రాకపోతే సీఆర్‌పీసీ 446 (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 491) కింద బాండు జప్తు చేసి ఆ 5,000 పక్కింటాయన దగ్గర వసూలు చేస్తారు. ఆయన టిఫిను బండి నడుపుకుంటాడు. ఇది చెప్పాక పారాదీప్ మాట మళ్ళీ రాలేదు. చట్టాన్ని గౌరవించాలని ఎంత చెప్పినా కదలని మనిషి, పక్కింటాయన బండి మాట ఎత్తగానే ఆగిపోయాడు.

ఏవి నిలబడలేదు

మొదటిది వీడియో. ఆటోను దాటిస్తున్న దృశ్యం ఒకరి ఫోనులో ఉంది. విచారణప్పుడు అది సాక్ష్యంగా దాఖలు కాలేదు. అప్పీల్లో సీఆర్‌పీసీ 391 కింద అదనపు సాక్ష్యంగా అడిగాం. చేతికొచ్చింది వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన కాపీ. తీసిన ఫోను అమ్మేశారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ (ఆ రికార్డు ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో ధ్రువీకరించే పత్రం) తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో ఖరారు చేసింది. ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు. ఫోనే లేనప్పుడు ఎవరిస్తారు? పిటిషన్ కొట్టేశారు. ధర్నా వీడియో ఎవరు తీసినా ఆ ఫోను ఉండగానే ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తీసినవాళ్ళతో సర్టిఫికెట్ మీద సంతకం చేయించి దాచాలి. ఫార్వర్డు చేస్తే ఫైలు కుదించుకుపోతుంది, తేదీ సమయాల వివరాలు పోతాయి.

రెండోది ప్రొబేషన్. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ కింద రెండేళ్ళు మించని శిక్ష ఉన్న నేరాలకు కోర్టు మందలించి వదిలెయ్యొచ్చు. జరిమానా ఉండదు, జైలు ఉండదు, 12వ సెక్షన్ వల్ల శిక్షతో వచ్చే అనర్హతలూ అంటవు. ఉద్యోగానికి వెళ్ళాల్సిన కుర్రాడైతే ఇదే అడగమని చెప్తాం. ఈయన వద్దన్నాడు. మందలింపు కూడా తప్పు చేశాడన్న మాట మీదే నిలబడుతుంది. లాభం ఉంది కదా అని కక్షిదారు ఒప్పుకోని మాటను ఆయన తరఫున అడగడం వకాల్తా ఇచ్చే అధికారం కాదు.

నిలబడింది

సెషన్స్ కోర్టులో అప్పీలు 30 రోజుల్లో వెయ్యాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన రోజులు ఆ లెక్కలో రావు. జైలుశిక్ష పడితే తీర్పు కాపీ అప్పటికప్పుడు చేతికిస్తారు, జరిమానా కేసుల్లో మాత్రం కాపీ అప్లికేషన్ పెట్టుకోవాలి. ఆ అప్లికేషన్ తీర్పు రోజే పడాలి. మెజిస్ట్రేటు వేసిన జరిమానా 100 దాటింది కాబట్టి అప్పీలుకు అడ్డు లేదు. నేరం ఒప్పుకున్న పది మందికి ఈ దారి సీఆర్‌పీసీ 375 దగ్గరే దాదాపు మూసుకుపోయింది. శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంతవరకే వాళ్ళు అప్పీలు చెయ్యగలరు.

188 మీద అప్పీలు గెలిచింది. ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చెయ్యాలని సీఆర్‌పీసీ 195 చెప్తుంది. పోలీసు ఛార్జిషీటు చాలదు. ఈ కేసులో అలాంటి ఫిర్యాదు లేదు. 143, 341 మాత్రం నిలిచిపోయాయి. మిగిలింది 1,500 లేదా 22 రోజులు.

ఇప్పుడు పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది, ఈసారి తప్పించుకునే వీలు లేకుండా. హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు తీర్పు సరైనదో కాదో పరిశీలించమనే పిటిషన్) వేసుకోవచ్చు, 90 రోజుల గడువుంది. కానీ రివిజన్‌లో సాక్ష్యాన్ని మళ్ళీ మొదట్నుంచి తూచరు. అది తేలేదాకా శిక్ష ఆగుతుందన్న హామీ లేదు.

నిరసన తెలుపుతూ కట్టే పద్ధతి ఒకటుంది. 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కోర్టు ధిక్కార కేసులో న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌కు ఒక రూపాయి జరిమానా వేసింది, కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్ళు సుప్రీంకోర్టులో ప్రాక్టీసుపై నిషేధం. సెప్టెంబరు 14న ఆయన కట్టాడు, కట్టినంత మాత్రాన తీర్పును అంగీకరించినట్టు కాదని చెప్పి కట్టాడు. జరిమానా కట్టినందువల్ల అప్పీలు, రివిజన్ హక్కు పోదు. గెలిస్తే డబ్బు తిరిగొస్తుంది. మా సలహా రెండు సెక్షన్లకూ ఇదే.

ఆయన 143కి సరేనన్నాడు. 341కి ససేమిరా అన్నాడు. "కట్టడమంటే నా సేత్తో నాను సేసే పని. జైలంటే ఆళ్ళు సేసే పని. సేసుకోమను." ఈ తేడా బలమైనదే. జరిమానాకు శిక్ష పడినవాడి చెయ్యి కలవాలి, జైలుకు అక్కర్లేదు. ఒప్పుకోవడం లేదని కోర్టుకు మెమో (చిన్న రాతపూర్వక వివరణ) రాసి కట్టినా అదే అర్థం వస్తుందని మేమిప్పటికీ అనుకుంటాం, కానీ ఆ తూకం ఆయనది.

అయితే ఆ ఏడు రోజులు భరించేది ఆయన ఒక్కడే కాదు. భార్యను పిలిపించి ఆయన ఎదురుగానే అడిగాం. "ఈయన మాట ఈయనకుంది సరే, బియ్యం మాటేటి?" అన్నదామె. ఏడు రోజుల కూలి 6,300. 22 రోజులైతే ఆమె ఒప్పుకునేది కాదు, ఏడుకు ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు లేకుండా ఆయన నిర్ణయాన్ని సమర్థించి ఉండేవాళ్ళం కాదు. సూత్రం ఒకరిది, ఆకలి ఇంకొకరిది అయినప్పుడు ఇద్దరికీ మాట ఉండాలి.

కక్షిదారు తమ్ముడితో కూడా మాట్లాడాల్సి వచ్చింది. ఐపీసీ 68 ప్రకారం జరిమానా ఎప్పుడు కట్టినా ఆ క్షణమే జైలు ముగుస్తుంది. కట్టింది ఎవరన్న పట్టింపు లేదు, లోపలున్నవాడి సమ్మతి అక్కర్లేదు. ప్రేమ కొద్దీ మూడో రోజు ఎవరో ఒకరు వెళ్ళి కట్టేస్తారు, అన్ని రోజులు పడిన కష్టానికి అర్థం లేకుండా పోతుంది. అన్న అడిగితే తప్ప కట్టనని తమ్ముడు మాటిచ్చాడు. అన్న ఎప్పుడు అడిగినా వెంటనే కడతానని కూడా మాటిచ్చాడు, ఆ రెండో మాట మేమే అడిగి చెప్పించాం.

అమలు

గడువు తేదీకి ఆయన తనంతట తానే హాజరయ్యాడు. దాంతో జామీనుదారు బాధ్యత తీరింది. మెమోలో మూడు వాక్యాలు: కేసు (సి.సి.) నంబరు, చెల్లిస్తున్న 1,000 ఐపీసీ 143 కింది జరిమానాకు మాత్రమే జమ చెయ్యాలి, 341 కింది నేరనిర్ణయాన్ని అంగీకరించకుండా, రివిజన్ హక్కు ఉంచుకుని, జరిమానా బదులు శిక్షకు లొంగిపోతున్నారు. "దేనికి జమ" అన్నది రాయకపోతే వెయ్యి మొత్తం బాకీలో పాక్షిక చెల్లింపుగా పడిపోతుంది. రసీదు మీద సెక్షన్ నంబరు వేయించుకోవాలి. కమిట్‌మెంట్ వారెంటులో (జైలుకు పంపే ఉత్తర్వులో) 341, 7 రోజులు అని మాత్రమే ఉందో లేదో అక్కడే చదువుకోవాలి. ఈ కేసులో మొదట 22 రోజులని టైపయ్యింది, బెంచ్ క్లర్కుకు రసీదు చూపించి దిద్దించాం. అరెస్టు రోజు స్టేషన్‌లో గడిపిన గంటలు ఇందులోంచి తగ్గవు, సీఆర్‌పీసీ 428 కింద వచ్చే మినహాయింపు జరిమానా బదులు జైలుకు వర్తించదు. బీపీ మాత్రలు, డాక్టరు చీటీతో సహా, వెంట పంపాం.

అడవివరం సెంట్రల్ జైలు నుంచి ఏడు రోజులకు విడుదలయ్యాడు. బదులు జైలు పూర్తిగా అనుభవించాక అదే జరిమానా కోసం ఆస్తి జప్తు వారెంటు ఇవ్వాలంటే సీఆర్‌పీసీ 421 (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 461) ప్రకారం కోర్టు ప్రత్యేక కారణాలు రాతలో చూపాలి. 341 మీద రివిజన్ వేశాం. శిక్ష అనుభవించేసినందువల్ల అది వృథా కాదు, ఎందుకంటే అడుగుతున్నది నేరనిర్ణయం కొట్టెయ్యమని.

188 తీర్పు కాపీ చూసి, నేరం ఒప్పుకున్నవాళ్ళలో కొందరు వచ్చారు. ఫిర్యాదే లేని నేరాన్ని వాళ్ళు ఒప్పుకున్నా కోర్టుకు దాన్ని తీసుకునే అధికారం లేదు కాబట్టి, ఆ భాగం వరకు రద్దు చెయ్యమని సీఆర్‌పీసీ 482 కింద హైకోర్టును అడగవచ్చని చెప్పాం. నలుగురు సంతకం పెట్టారు. గల్ఫ్ కుర్రాళ్ళిద్దరూ పెట్టలేదు, మళ్ళీ కోర్టులో పేరు కనిపిస్తే పాస్‌పోర్టుకు ఏమవుతుందోనని వాళ్ళ భయం. సంతకం పెట్టకపోవడం వల్ల మిగతావాళ్ళకు ఏ నష్టమూ లేదనీ, ఈ విషయంలో ఎవరికీ ఏమీ బాకీ లేరనీ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చెప్పి రమ్మని పారాలీగల్ వలంటీరును పంపాం.